ఎడారి ఏడాది జూన్‌లో మొదలవుతుంది

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌కు చుట్టాలెవరొచ్చినా గ్రాండ్ కాన్యన్ చూపించేశాక మేం తీసుకెళ్లే చోటు డెజర్ట్ బొటానికల్ గార్డెన్, ఎడారి మొక్కల తోట. ఎప్పుడు రమ్మంటారని అడిగితే ఇక్కడి తెలుగువాళ్లంతా ఒకటే మాట చెబుతారు. మార్చిలో రండి, పూలుంటాయి. లేదంటే డిసెంబర్‌లో రండి, దీపాలుంటాయి. ఎండాకాలం మాత్రం వద్దు. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నాకూ అదే చెప్పారు. ఏటేటా సభ్యత్వం కట్టి, అన్ని నెలల్లోనూ ఆ తోటలో తిరిగాక నేను మాత్రం వేరే మాట చెబుతున్నాను. ఈ ఎడారి ఎలా బతుకుతోందో తెలియాలంటే జూన్ నెలాఖరులో రండి. గేటు తీసే వేళకల్లా అక్కడుండండి.

నాది ధర్మవరం దగ్గర పల్లె. చెనక్కాయ పండే నేల. జూన్ వచ్చిందంటే మా నాయనకు ఆకాశం తప్ప ఇంకేమీ కనపడేది కాదు. మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దానికే మమ్మల్ని కరువు జిల్లా అంటారు. ఫీనిక్స్‌లో పడేది దాదాపు 180 మిల్లీమీటర్లు. అంటే మాకు పడేదాంట్లో మూడో వంతు. అయినా ఫీనిక్స్ చుట్టూ ఉన్న ఈ సొనోరన్ ఎడారిలో ఇసుక తిన్నెలు కాదు, చెట్లు కనిపిస్తాయి. కొండల నిండా పచ్చదనం ఉంటుంది. కారణం, పడే ఆ కాస్త వానా రెండు విడతలుగా పడటం. చలికాలంలో పసిఫిక్ వైపు నుంచి సన్నటి ముసురు, జులై, ఆగస్టుల్లో దక్షిణం నుంచి ఉరుముల వాన. ఈ రెండింటి మధ్యా ఏప్రిల్ చివరి నుంచి జూన్ చివరి దాకా దాదాపు చుక్క పడదు. అందుకే ఇక్కడి ప్రకృతి గురించి తెలిసినవాళ్లు నాలుగు కాలాలు చెప్పరు, ఐదు చెబుతారు. వసంతం, వానకు ముందు ఎండాకాలం, వానల ఎండాకాలం, ఆకు రాలే కాలం, చలికాలం. ఆ రెండు ఎండాకాలాలూ వేరు వేరని తెలిస్తే సగం ఎడారి అర్థమైనట్టే.

తోట పపగో పార్క్‌లో ఉంది, ఎర్రటి గుట్టల పక్కన. విమానాశ్రయం నుంచి పది, పదిహేను నిమిషాల దారి. 1930లలో గుస్టాఫ్ స్టార్క్ అనే స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడ ఉండేవాడు. ఊరు పెరిగేకొద్దీ ఎడారి చెట్లు పోతున్నాయని ఆయనకు బెంగ. 'ఎడారిని కాపాడండి' అని ఒక బోర్డు రాసి, తన ఇంటివైపు బాణం గుర్తు వేసి రోడ్డు పక్కన పెట్టాడు. అది చూసి వచ్చినవాళ్లలో గెర్ట్రూడ్ డివైన్ వెబ్‌స్టర్ ఒకరు. ఆమె డబ్బూ, పట్టుదలా, స్నేహితుల శ్రమా కలిసి 1939లో తోట మొదలైంది. ఇప్పుడది 140 ఎకరాలు, 50 వేలకు పైగా మొక్కలు. ఒక బోర్డూ, ఒక బాణం గుర్తూ ఇంత పని చేశాయంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా ధైర్యంగా ఉంటుంది.

ఇక జూన్ సంగతి. సువారో గురించి ముందు చెప్పాలి. అమెరికా ఎడారి అనగానే సినిమాల్లో చేతులెత్తి నిలబడి కనిపించే పెద్ద కాక్టస్ అదే. అది అమెరికా అంతా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, సొనోరన్ ఎడారిలో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. మొదటి ఎనిమిదేళ్లలో అంగుళమో, అంగుళంన్నరో ఎదుగుతుంది. మొదటి కొమ్మ వేయడానికి 50 నుంచి 75 ఏళ్లు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. 40 అడుగుల సువారో పక్కన నిలబడ్డారంటే మీ తాతకు తాత నాటి ప్రాణి పక్కన నిలబడ్డట్టు. విత్తనం మొలిచేది కూడా బయలు నేలలో కాదు. పాలో వెర్డె, మెస్కీట్, ఐరన్‌వుడ్ చెట్ల నీడలో మొలుస్తుంది. ఆ చెట్టే ఎండ నుంచి, మంచు నుంచి దాన్ని కాస్తుంది. తోటలో నడిచేటప్పుడు పెద్ద చెట్ల మొదళ్ల దగ్గర వంగి చూడండి, గుప్పెడంత సువారోలు కనిపిస్తాయి. పిల్లలకు ఇది వెతికే ఆట, మా అమ్మాయికి ఎంతకీ విసుగు రాదు.

సువారోకు ఏప్రిల్ చివర్లో పూలు మొదలవుతాయి. తెల్లగా, మందంగా, కొమ్మల కొసల మీద కిరీటం పెట్టినట్టు. పొద్దుగూకాక విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. దక్షిణ అరిజోనాలో రాత్రిపూట మెక్సికో నుంచి వలస వచ్చిన గబ్బిలాలు వాటి తేనె తాగుతాయి. తెల్లవారాక గువ్వలదీ, తేనెటీగలదీ వంతు. తెల్ల రెక్కల గువ్వ అని ఒకటుంది, అది ఇక్కడికి వలస వచ్చేదే సువారో పూలూ పండ్ల కోసం. మే నెలలో పొద్దున్నే దాని కూత వినిపించని వీధి ఉండదు ఈ ఊళ్లో.

జూన్ నడిమికి కాయలు పండి పగులుతాయి. లోపల ఎర్రటి గుజ్జు, అందులో గసగసాలంతటి నల్ల గింజలు, ఒక్కో పండులో రెండు వేల దాకా. పగిలిన తొక్క వెనక్కి విచ్చుకుంటే కింద నుంచి చూసేవాళ్లకు ఎర్ర పువ్వు పూసిందనిపిస్తుంది. సందర్శకులు ఆగి ఫొటో తీసి 'ఎర్ర పూల సువారో' అని పంపుకుంటుంటారు. రెండు నెలలుగా వాన లేదు, గడ్డి తెల్లబడింది, పగలు 43, 44 డిగ్రీలు. అలాంటి వేళ అడవికంతటికీ నీళ్లూ తిండీ ఇదే. వడ్రంగి పిట్టలు, గువ్వలు, పిచ్చుక జాతి పిట్టలు పైన తింటుంటే, రాలినదాన్ని ఉడుతలు, చీమలు, తాబేళ్లు కింద తింటాయి. తొమ్మిదింటికల్లా అంతా నీడకు పోతాయి, అందుకే పెందలాడే రమ్మనేది.

ఆ చెట్టు లెక్క చూడండి. విత్తనం ఏ నెలలో మొలుస్తుందో ఆ నెలకు సరిగ్గా ముందు పండుతుంది. జూన్ చివర్లో గింజలు నేల మీదికి చేరతాయి, జులైలో వాన వస్తుంది. ఏడాదిలో అన్నిటికంటే ఎండిపోయిన పదిహేను రోజుల్లో ఎడారి తన విందు పెడుతుంది. పూల కాలంలో వచ్చిపోయేవాళ్లకు ఈ సంగతి కనిపించే దారే లేదు.

ఈ నేల మనుషులు టొహోనో ఓదమ్‌లకు ఈ లెక్క ఎప్పటి నుంచో తెలుసు. వాళ్లకు కొత్త సంవత్సరం సువారో పండు కోతతోనే మొదలవుతుంది. చచ్చిన సువారో లోపలి నుంచి తీసిన పొడుగాటి కర్రలను కలిపి కట్టి, కొసన అడ్డకర్ర బిగించి, ఆ గడతో పండ్లు రాలుస్తారు. గుజ్జు కాచి పాకం చేస్తారు. కొంత పాకాన్ని పులియబెట్టి, అందరూ కలిసి తాగి, పాటలు పాడి, వానను పిలుస్తారు. జ్యేష్ఠ పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులేసి ఏరువాక సాగించిన ఇంటి నుంచి వచ్చినవాణ్ణి నేను. దాదాపు అదే జూన్ నెలలో ఇక్కడ ఇంకో రైతు జాతి తన ఏడాది మొదలుపెడుతుందని తెలిసినప్పటి నుంచి ఆ గుట్టల మీది సువారోలను చూసే తీరే మారిపోయింది నాకు.

కిందటి ఎండాకాలం అమ్మ వచ్చింది. తోటలో ఓదమ్‌లూ, ఇతర స్థానిక జాతులూ ఎడారి మొక్కలను ఎలా వాడుకున్నారో చూపించే దారి ఒకటుంది. 'మొక్కలూ మనుషులూ' అనే అర్థం వచ్చే పేరు దానికి. అక్కడ మెస్కీట్ చెట్టు కింద అమ్మ ఆగిపోయింది. కాయ ఒకటి నేల మీంచి తీసి విరిచి చూసింది.

"ఇది మన సర్కారు కంప కదరా! ఈడికి ఎట్లొచ్చింది?"

"ఇక్కణ్నుంచే మనకాడికి వచ్చిందమ్మా" అన్నాను.

పూర్తిగా అదే చెట్టు కాదు, దాని చెల్లెలు వరస. మన సర్కారు తుమ్మ మెక్సికో, దక్షిణ అమెరికా వైపుది. వంటచెరకు కోసం, బీళ్లలో పచ్చదనం కోసం తెల్లవాళ్ల కాలంలో మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు రాయలసీమలో చెరువు కట్టలనూ, వంకలనూ అదే కమ్మేసింది. ఇక్కడ పెరిగే మెస్కీట్ అదే కుటుంబంలో దగ్గరి చుట్టం. మనకు అది పెరికినా పోని కంప, బొగ్గుకు తప్ప పనికిరాదంటాం. ఇక్కడ దాని కాయను దంచి పిండి చేసుకుని తరతరాలు బతికారు. ఆ పిండి తియ్యగా ఉంటుంది, చక్కెర కలపక్కర్లేదు. తోటలో కాయలు దంచి చూడటానికి రోలూ రోకలీ లాంటివి పెట్టారు. అమ్మ కూర్చుని దంచింది. నాలుక్కి అద్దుకుని, "మేకలు ఊరికే తింటాయా మరి" అంది. పక్కనున్న పిల్లలిద్దరు ఆమె రోకలి పోటు చూసి అలాగే దంచబోయారు. కాయలు ఏరుకునేవాళ్లు వానలకు ముందే ఏరుకోవాలని ఇక్కడ గట్టిగా చెబుతారు. తడిస్తే బూజు పట్టి విషమవుతుంది.

ఆ దారిలోనే కిత్తనార జాతులు, నాగజెముడు జాతులు ఎన్నో. కిత్తనారను కట్టెల పొయ్యి గుంటలో వేసి కాల్చి తినేవారు, నారతో తాళ్లు పేనేవారు. మా తాత ఎద్దుల పగ్గాలు పేనింది దాంతోనేనని అమ్మ నాకు అప్పుడు చెప్పింది. నాగజెముడు రెక్కల మీద దూది అంటినట్టు తెల్లగా కనిపించేది ఒక పురుగు, కాచినీల్. నలిపితే ముదురు ఎరుపు రంగు వస్తుంది. ఒకప్పుడు మెక్సికో నుంచి స్పెయిన్‌కు వెండి తర్వాత అంత విలువైన సరుకు అదే. మన పొలం గట్ల మీద పెరిగే నాగజెముడూ, కిత్తనారా రెండూ ఈ ఖండం నుంచి సముద్రం దాటి మనకు చేరినవే. ఎండ మొక్కలు కదా అని అవి మనవే అనుకుంటాం.

రాత్రిపూట పూసే ఇంకో కాక్టస్ ఉంది, దాన్ని 'రాత్రి రాణి' అంటారు ఇక్కడ. ఏడాదంతా చచ్చిన పుల్లలా ఏదో చెట్టు కింద పడి ఉంటుంది, పక్కనే నడిచినా చూడం. నేల కింద పెద్ద దుంప దాచుకుంటుంది. జూన్, జులైల్లో ఏదో ఒక రాత్రి అరచేయంత తెల్ల పువ్వు విచ్చుకుని, ఘాటైన వాసన వేసి, ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఒక ప్రాంతంలోని మొక్కలు చాలావరకు ఒకే రాత్రి పూస్తాయి. టూసాన్ ఊళ్లోని టొహోనో చుల్ తోటలో ఆ రాత్రి కోసం జనం కాచుకుని ఉంటారు. మనవాళ్ల ఇళ్లలో పూసినప్పుడు వాట్సాప్ నింపేసే 'బ్రహ్మకమలం' కూడా మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్సే.

జులై మొదట్లో గాలి తిరుగుతుంది. ముందు దుమ్ము లేస్తుంది. 2011 జులై 5న ఫీనిక్స్ మీదికి కొండంత దుమ్ము గోడ వచ్చిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. తర్వాత క్రియోసోట్ పొద వాసన. ఆ ఆకుల మీద జిగురు లాంటి పూత ఉంటుంది, తేమ తగలగానే వాసన వదులుతుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకు వాన వాసనంటే అదే. ఆకు కోసి రెండు చేతుల మధ్య పెట్టి నోటి ఆవిరి ఊదితే వాన లేకుండానే ఆ వాసన వస్తుంది. మీ పెరట్లోనో, దారి పక్కనో పొద ఉంటే చేసి చూడండి, తోటలో మాత్రం ఆకు కోయకుండా, చెట్టు మీద ఉండగానే ఊదండి. ఒకటీయో అనే ముళ్ల పొద వాన పడిన రెండు మూడు రోజుల్లో మొదలు నుంచి కొస దాకా ఆకు వేసుకుంటుంది. నేల ఆరగానే రాల్చేస్తుంది. మళ్లీ పడితే మళ్లీ వేస్తుంది. ఏడాదిలో ఎన్నిసార్లయినా. సువారో ఒంటి మీది ముడతలు నీళ్లు తాగేకొద్దీ విప్పారుతాయి. వానకు ముందు ఒక ఫొటో, రెండు వానల తర్వాత అదే సువారోది ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆగస్టులో బ్యారెల్ కాక్టస్ నెత్తిన నారింజ రంగు పూలు గుండ్రంగా వరస కడతాయి. అప్పటికి తోటలో మనుషులు పదిమంది కూడా ఉండరు.

వాన రాకపోతే ఏమవుతుందో 2023లో చూశాం. జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీలకు పైనే. పగటి ఎండ సువారోకు కొత్త కాదు. చంపింది రాత్రులు. మామూలు చెట్లు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. కాక్టస్ పగలు మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది, నీళ్లు పోకుండా. ఆ జులైలో వరసగా పదహారు రాత్రులు 90 ఫారెన్‌హీట్‌కు కిందికి దిగలేదు. కాంక్రీటు, తారు రోడ్లు పగలు మింగిన వేడిని రాత్రంతా కక్కాయి. రాత్రి చల్లబడకపోతే కాక్టస్ ఊపిరి తీసుకోలేదు. లోపల కుళ్లి, పైకి పచ్చగానే ఉండి, ఒకరోజు చేయి విరిగి పడుతుంది, లేదా మొత్తంగా కూలుతుంది. తోటలోనూ, ఊళ్లోనూ అలా పోయాయి. మా కాలనీ మొదట్లో రోడ్డు పక్కన నాలుగు చేతుల సువారో ఒకటి ఉండేది, ఆగస్టులో పొద్దున్నే చూస్తే అడ్డంగా పడి ఉంది. మున్సిపాలిటీ లారీ వచ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను. నూరేళ్లకు తక్కువ ఉండదు దానికి. తోటలోని శాస్త్రవేత్తలు అంతకు ముందు ఏడాదే జనం సాయంతో ఊళ్లోని సువారోల లెక్క మొదలుపెట్టారు. వేడిని తట్టుకున్నవి ఏవి, ఎందుకు అని వెతుకుతున్నారు. నా దృష్టిలో ఆ తోట చేసే పనులన్నింటిలోకీ ఇదే ముఖ్యమైనది. డిసెంబర్ దీపాల టికెట్ డబ్బులు దీనికి పనికొస్తాయంటే నేను ఏటా సంతోషంగా కడతాను.

అక్టోబర్‌కు ఊపిరి తిరుగుతుంది. మొక్కలు అమ్మే రోజులు ఏడాదిలో రెండుసార్లు వస్తాయి, మార్చిలోనూ అక్టోబర్‌లోనూ. నాటడానికి అక్టోబర్ నయం, వేరు పట్టుకోవడానికి చలికాలమంతా ఉంటుంది. కాక్టస్ కొనేటప్పుడు దక్షిణం వైపు ఏదో అడగండి, చాలాచోట్ల గుర్తు పెడతారు. ఎండకు అలవాటైన ఆ పక్కనే మళ్లీ దక్షిణానికి తిప్పి నాటాలి. తిరగేస్తే లేత పక్క ఎండకు మాడుతుంది. అదే కాలంలో సీతాకోకచిలుకల మంటపంలో మోనార్క్‌లు ఉంటాయి, వసంతంలో రకరకాల సీతాకోకచిలుకలు. చిన్న పిల్లలుంటే అక్కడే గంట గడుస్తుంది.

డిసెంబర్‌లో లూమినారియా రాత్రులు. 1978 నుంచి జరుగుతున్నాయి. కాగితం సంచిలో ఇసుక పోసి, కొవ్వొత్తి నిలిపి, దారుల పక్కన వేలకొద్దీ పేరుస్తారు. ప్రతి ఒక్కటీ స్వచ్ఛంద సేవకులు చేత్తో వెలిగిస్తారు. అక్కడక్కడ పాటలు. చూసి తీరాల్సిందే, టికెట్లు ముందే అయిపోతాయి. గడ్డకట్టే చలి రాత్రుల్లో ఊళ్లోని ఇళ్ల ముందు కాక్టస్‌ల కొసలకు థర్మోకోల్ కప్పులు తొడిగి కనిపిస్తాయి. మొక్క పెరిగే మొన దెబ్బతినకుండా అదొక రక్షణ.

మార్చి, ఏప్రిల్ గురించి నేను చెప్పాల్సిన పని లేదు, అందరూ చెబుతూనే ఉన్నారు. చలికాలం ముసురు బాగా పడితే పాపీ, లూపిన్ పూలు. తర్వాత పాలో వెర్డె పసుపు, ఊరంతా. ఆ చెట్టుకు కాండం కూడా పచ్చగా ఉండి ఆకు పని చేస్తుంది, కాబట్టి కరువులో ఆకులన్నీ రాల్చేసినా బతుకుతుంది.

జూన్ చివర్లో వచ్చేవాళ్లకు చివరగా కొన్ని మాటలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, కాళ్లు మూసే బూట్లు. చెప్పులతో రాకండి. ముందు గుట్ట ఎక్కే ప్రకృతి దారి తిరిగేయండి, నీడ తక్కువ అక్కడ. తర్వాత మెస్కీట్‌ల నీడలోకి రండి. బ్యాగులో దువ్వెన ఒకటి ఉంచుకోండి. చోయా కాక్టస్ తునక బట్టకో, చేతికో అంటుకుంటే వేళ్లతో లాగకూడదు, దువ్వెన పళ్లు కింద దూర్చి ఒక్కసారిగా ఎగదోయాలి. పదింటికల్లా బయటపడండి. రాలిన సువారో పండు కనిపించినా తీయకండి, తోటలోది తోట జీవాలకే. రుచి చూడాలనుంటే ఓదమ్ వాళ్లు అమ్మే సువారో పాకం ఎక్కడైనా దొరికితే కొనండి. ధర ఎక్కువే ఉంటుంది. అంత ఎండలో గడ పట్టుకుని ఒక్కొక్క పండూ రాల్చి, గంటలు కాచి తీసింది కాబట్టి బేరం ఆడకండి.